అమీర్‌పేటలో జర్మన్ శిక్షణ: ఇప్పటికే జర్మనీలో పనిచేస్తున్న ఇంజినీరుకు ఎంత ఉపయోగం?

జర్మనీలో ఇంజినీరుగా పనిచేయడానికి జర్మన్ అక్కర్లేదని హైదరాబాద్‌లో చాలామంది అంటారు. ఉద్యోగం దొరకడం వరకే అయితే ఆ మాటలో కొంత నిజం ఉంది; సాఫ్ట్‌వేర్‌లోను, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల వాహన పరిశ్రమకు చెందిన ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) విభాగాలలోను ఇంగ్లీషుతోనే చేరినవారు ఎందరో ఉన్నారు. చేరిన తరువాత పైకి ఎదగడానికి ఆ ఇంగ్లీషు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను ముందుంచుకుని, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక వీధిలో నేను చదువుకున్న శిక్షణ కేంద్రాన్ని ఇక్కడ సమీక్షిస్తున్నాను. భాషా నైపుణ్యానికి తొలి రెండు మెట్లయిన ఏ1, ఏ2 స్థాయిలు దేశం దాటకముందే అక్కడ కూర్చుని చదివాను; వాటి తరువాతి మెట్టయిన బీ1 మాత్రం స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తూ, అదే కేంద్రం నడిపే ఆన్‌లైన్ బ్యాచ్‌లో పూర్తిచేశాను.

మొదటి రెండు స్థాయిల గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. బ్యాచ్‌లో జనం ఎక్కువ, గది ఇరుకు, అయినా పునాది గట్టిగానే పడుతుంది. ప్రతి నామవాచకాన్నీ దాని లింగాన్ని తెలిపే డేర్, డీ, డాస్‌తో కలిపే కంఠస్థం చేయించే విషయంలో అక్కడి మేడమ్ ఎవరినీ వదిలిపెట్టరు.

ఈ కేంద్రాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది బీ1 బ్యాచ్ విషయంలో. ముందుగా వేళల సంగతి చెప్పాలి. వేసవిలో జర్మనీ మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కి జరిపాక ఆ తేడా నాలుగున్నర గంటలవుతుంది. హైదరాబాద్‌లో రాత్రి 9:30కి మొదలయ్యే తరగతి వేసవిలో అక్కడి సాయంత్రం 6 గంటలకు పడుతుంది గాని, చలికాలంలో 5 గంటలకే, అంటే చాలామంది ఇంకా ఆఫీసులో ఉండగానే, మొదలైపోతుంది. ఈ కేంద్రం వారు మేము అడగకముందే, గడియారాలు మళ్లీ ముందుకు జరిగే మార్చి చివరి ఆదివారం వరకు తరగతిని రాత్రి 10:30కి మార్చారు. ఆ నెలలన్నీ మేడమ్ అర్ధరాత్రి దాకా మేలుకుని పాఠం చెప్పారు, ఒక్కరోజు కూడా విసుగు చూపలేదు.

బోధన అంతకన్నా గొప్పది. ఒక తరగతిలో ఆమె ఇచ్చిన అభ్యాసం ఇది: టెస్ట్ బెంచ్ మీద సెన్సర్ పది నిమిషాలు సరిగ్గా పనిచేసి, ఆ తరువాత తప్పు విలువలు ఇస్తోంది, దీనిని సరఫరాదారుకు ఫోనులో వివరించాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగి ఉండవచ్చు, ఇంతవరకు ఏమేమి పరీక్షించాం, ఎప్పటిలోగా ఏం కావాలి అన్నవి ఒక్కొక్కరు నాలుగు వాక్యాలలో చెప్పాలి. వైల్ (ఎందుకంటే), ఓబ్‌వోల్ (అయినప్పటికీ) వంటి వాటితో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది కాబట్టి, ఇంగ్లీషులో ఆలోచించి మార్చవద్దని, క్రియ చివరనే వచ్చే తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని చెప్పమని ఆమె అనేవారు. ప్రధాన వాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలో నిలవాలి. అక్కడ మేము తడబడితే మధ్యలో ఆపేవారు కారు, అంతా అయ్యాక ఆ వాక్యాన్నే మళ్లీ చెప్పించేవారు. సరఫరాదారు పాత్ర ఆమే తీసుకుని, మాటకు అడ్డం వస్తూ గబగబా ప్రశ్నలు వేసేవారు. నిజమైన ఫోన్ సంభాషణ అలాగే ఉంటుంది.

మా బృందంలో కోడ్ రివ్యూలు ఇంగ్లీషులోనే జరుగుతాయి. కానీ కొనుగోలుదారు తన అవసరాలను రాసి ఇచ్చే లాస్టెన్‌హెఫ్ట్, వాటిని ఎలా నెరవేరుస్తామో సరఫరాదారు తిరిగి రాసే ప్ఫ్లిష్టెన్‌హెఫ్ట్ మా దగ్గర జర్మన్‌లో ఉంటాయి, వాటి మీద చర్చ కూడా జర్మన్‌లోనే సాగుతుంది. వాహనాల ఎలక్ట్రానిక్ వ్యవస్థల భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 26262 ప్రకారం భద్రతా విశ్లేషణ ఇంగ్లీషులో ఎంత చక్కగా చేసినా, ఆ చర్చలో నోరు విప్పలేని ఇంజినీరుకు ఇతరులు నిర్ణయించిన పని చేతికి వస్తుందే తప్ప నిర్ణయంలో పాలు దక్కదు. బీ1 ఇంకా పూర్తికాకముందే ఒక సమావేశంలో మా మాడ్యూల్‌లోని లోపాన్ని నేను జర్మన్‌లో వివరించగలిగాను. ఆ తరువాత ఆ సరఫరాదారుతో మాట్లాడే బాధ్యత నాకే అప్పగించారు. ఈ శిక్షణకు నేను కట్టిన ఫీజు ఆ ఒక్క మార్పుతోనే గిట్టుబాటయిందని భావిస్తున్నాను.

నివాస అనుమతి విషయంలోనూ బీ1కి విలువ ఉంది. ఈయూ బ్లూ కార్డుతో (ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) పనిచేసేవారికి ఏ1 స్థాయి జర్మన్ ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ నెలలన్నిటికీ పెన్షన్ చందా కట్టి ఉండాలి. అయితే శిక్షణ కేంద్రం ఇచ్చే పత్రం దీనికి పనికిరాదు, గుర్తింపు పొందిన పరీక్ష ప్యాసవ్వాలి. హైదరాబాద్‌లో ఉన్నవారు జర్మన్ భాషా సంస్థ అయిన గోథే నిర్వహించే పరీక్షలను ఇక్కడి గోథే-జెంట్రమ్ కేంద్రంలో రాయవచ్చు. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలకూ విడివిడిగా వందకు 60 మార్కులు రావాలి, తప్పిన భాగాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. బీ1 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 వరకు పడతాయని గోథే సంస్థే చెబుతుంది. రెండు నెలల్లో బీ1 అంటూ అమీర్‌పేట గోడల మీద కనిపించే ప్రకటనలను ఈ లెక్కతో పోల్చి చూసుకోవాలి.

ఇక లోపాలు. బీ1 తరువాతి స్థాయి అయిన బీ2లో ఇంజినీర్లను, జర్మనీ ఆసుపత్రులకు వెళ్లబోయే నర్సులను ఒకే బ్యాచ్‌లో కలిపేశారు. పాఠాలలో సగం రోగి పరిస్థితిని డ్యూటీ మారేటప్పుడు ఎలా అప్పగించాలన్న దాని చుట్టూ తిరిగాయి. నర్సులకు అది అత్యవసరం, కాబట్టి వారిని తప్పుపట్టలేను. రెండు బ్యాచ్‌లు విడిగా నడపవలసింది యాజమాన్యమే. తరగతి రికార్డింగులను రెండు వారాలకే తొలగిస్తారు, షిఫ్టులలో పనిచేసేవారికి ఇది పెద్ద ఇబ్బంది. వినికిడి అభ్యాసాలన్నీ స్టూడియోలో స్పష్టంగా పలికినవే కావడంతో, స్టుట్‌గార్ట్‌లో సహోద్యోగులు మాట్లాడే స్వేబియన్ యాసకు చెవి ఏమాత్రం సిద్ధపడదు.

జర్మనీలో ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ఏ2 పూర్తిచేసి, పని గురించి జర్మన్‌లో మాట్లాడాలనుకునేవారు బీ1 బ్యాచ్‌లో నిస్సంకోచంగా చేరవచ్చు. చేరేముందు చలికాలపు వేళలను, రికార్డింగుల గడువును రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. బీ2కి మాత్రం ఇంజినీర్ల బ్యాచ్ విడిగా మొదలయ్యే వరకు నేను ఎవరికీ దీనిని సిఫారసు చేయను. ప్రస్తుతం నేను స్టుట్‌గార్ట్‌లోని ఫోల్క్స్‌హోఖ్‌షూలె (వయోజన విద్యా కేంద్రం) సాయంకాల తరగతిలో చదువుతున్నాను.