యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్: మూడేళ్లు, 19 రీళ్లు

మా చిన్నాయన కువైట్ నుంచి వస్తూ తెచ్చుకున్న కెమెరా ఇది. డిజిటల్ వచ్చాక తోలు కవరుతో సహా అటకెక్కింది. నేను అడిగితే "అది పనిచేయదులేరా, తీసుకుపో" అన్నాడు. నిజంగానే పనిచేయలేదు. బ్యాటరీ గదిలో పచ్చగా చిలుము పట్టి ఉంది. వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఓ సాయంత్రమంతా రుద్దాను.

ఎలక్ట్రో 35 వరుస 1966లో మొదలైంది, ఈ జీఎస్ఎన్ మోడల్ 1973ది. దీనికోసం చేసిన 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. 6 వోల్టుల 4ఎల్ఆర్44 దొరుకుతుంది గానీ పొట్టిది, సన్నది. గదిలో వేస్తే గలగలలాడుతుంది. అట్టముక్కను గొట్టంలా చుట్టి అందులో దూర్చి, మిగిలిన ఖాళీలో స్ప్రింగు పెట్టాను. వెనక బటన్ నొక్కగానే ఫ్రేము అంకె కనిపించే చిన్న కిటికీలో పచ్చ లైటు వెలిగింది. ఆ 0.4 వోల్టుల తేడా ఫోటోల్లో నాకెక్కడా కనిపించలేదు. బ్యాటరీ అయిపోతే మాత్రం షట్టర్ (వెలుతురును ఫిల్మ్ మీదకి వదిలే తెర) సెకనులో 1/500వ వంతు స్పీడు తప్ప ఇంకేమీ ఇవ్వదు.

మొదటి రీలు నిండా నారింజ చారలే. వెలుతురు లోపలికి రాకుండా వెనక తలుపు గాడిలో పెట్టిన ఫోమ్ కరిగి తారులా అయింది. దాన్ని గీకేసి నల్ల ఉన్ని దారం అతికించాను, చారలు పోయాయి.

ఇందులో షట్టర్ స్పీడు మన చేతిలో ఉండదు. అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం సైజు, మనం పెడితే మిగతాది అదే చూసుకుంటుంది. ఎర్ర బాణం వెలిగితే వెలుతురు ఎక్కువైందని, పసుపు బాణం వెలిగితే షట్టర్ నెమ్మదిగా ఉంది, చెయ్యి కదిలి ఫోటో చెదరొచ్చని. అంతకు మించి ఒక్క అంకె కూడా చూపించదు. ఎక్స్‌పోజర్ (ఫిల్మ్‌కి ఎంత వెలుతురు ఇవ్వాలన్నది) నేర్చుకుందామని ఫిల్మ్ కెమెరా వెతికేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు.

వెలుతురుకు అడ్డంగా నిలబడ్డ మనిషిని తీస్తే ముఖం నల్లబడిపోయేది. నాలుగైదు రీళ్లు పోయాక ఉపాయం తట్టింది. లోపల 400 రీలు ఉంటే ఏఎస్ఏ చక్రాన్ని (ఫిల్మ్ వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో కెమెరాకి చెప్పేది) ఆ ఒక్క ఫోటోకి 200కి తిప్పుతాను. కెమెరా రెట్టింపు వెలుతురు రానిస్తుంది. తర్వాత మళ్లీ 400కి తేవడం మర్చిపోతాననుకోండి, అది వేరే సంగతి.

నా పరువు తీసిన సంగతి ఇంకోటుంది. ఇది లెన్సులోంచి చూసే కెమెరా కాదు. లెన్సు మూత తీయకపోయినా వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, అంతా చక్కగా కనిపిస్తుంది. వెలుతురు కొలిచే కన్ను కూడా లెన్సులో కాదు, బాడీ మీద ఉంది. కాబట్టి బాణాలూ ఏమీ అనవు. గండికోటలో తెల్లారుజామున పెన్నా లోయ అంచున కూర్చుని, వరసగా 11 ఫోటోలు తీశాను. కడిగించి చూస్తే 11 ఖాళీ ఫ్రేములు. మూత పారేసి, లెన్సును కాపాడేందుకు 55 ఎంఎం యూవీ ఫిల్టర్ (పారదర్శకమైన గాజు) బిగించాను.

ఇన్ని చెప్పి కూడా దీన్ని వదలకపోవడానికి కారణం 45 ఎంఎం ఎఫ్/1.7 లెన్సు, అంటే చీకట్లో కూడా బాగా వెలుతురు రానిచ్చేది. దీపావళి రోజు అమ్మ గడప దగ్గర ప్రమిదలు సర్దుతోంది. ఫ్లాష్ లేదు. గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, పసుపు బాణం వెలుగుతున్నా నొక్కేశాను. షట్టర్ లెన్సులోనే ఉంది కాబట్టి చప్పుడు అమ్మదాకా పోలేదు, తల ఎత్తలేదు. ఫోటోలో ఆమె చెయ్యి కొంచెం చెదిరింది. ప్రమిద అంచున కారిన నూనె మెరుపు మాత్రం చుక్కతో సహా పడింది. నా ఫోన్‌లో అదే దీపం తెల్లటి ముద్ద.

ఖర్చు సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. రీలుకు వెయ్యి దాకా, కడిగించి స్కాన్ చేయించడానికి ఇంకో ఐదారు వందలు అవుతోంది. మా ఊళ్లో కడిగేవాళ్లు లేరు, కొరియర్ ఛార్జీ అదనం. బరువు ముప్పావు కిలో, మెడ నొప్పి ఉచితం.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే ముందు ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ తిప్పి వినండి. తిప్పేటప్పుడు లోపల 'ఠక్' మని చప్పుడు రావాలి. రాలేదంటే లోపలి చిన్న రబ్బరు ముక్క పాడైపోయినట్టే. స్పీడులు తప్పుతాయి, కెమెరా విప్పితే గానీ బాగుకాదు. నాది ఇంకా ఠక్‌మంటోంది. ఈమధ్య కాస్త మెత్తగా అంటోందేమోనని నా అనుమానం.