లూజైన లోపలి డోర్ హ్యాండిల్: ఆటోనగర్‌లోని ఒక డోర్ లాక్ షెడ్డు పనితనంపై సమీక్ష

పాత కారు లోపలి డోర్ హ్యాండిల్ ఊగడం మొదలైతే చాలా వర్క్‌షాపుల్లో జరిగేది ఒకటే: పాతది పీకి, కొత్తది బిగించి, డబ్బు తీసుకుని పంపేస్తారు. విశాఖలో గాజువాక దగ్గరి ఆటోనగర్‌లో డోర్ లాకులు, గ్లాస్ మెషిన్ల (తలుపు అద్దాన్ని పైకీ కిందికీ జరిపే యంత్రాల) పని మాత్రమే చేసే ఒక చిన్న షెడ్డుకు నా కారు తీసుకువెళ్లినప్పుడు అలా జరగలేదు. హ్యాండిల్ ఎందుకు లూజైందో ముందు తేల్చి, ఆ తర్వాతే ధర సంగతి మాట్లాడారు. ఆ షెడ్డుకు పేరున్న బోర్డు లేదు. సిమెంటు గోడ మీద పెయింటుతో చేసే పనుల జాబితా మాత్రం రాసి ఉంటుంది. అక్కడి పనిలో నాకు నచ్చినవి, నచ్చనివి రెండూ ఇక్కడ రాస్తున్నాను. నగరంలో పాత కార్లు నడుపుతున్నవారికి ఇదే ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కారు 2005లో రిజిస్టరైన చిన్న హ్యాచ్‌బ్యాక్, అద్దాలు చేత్తో తిప్పుకునే రకం. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ వస్తున్నాము. ఇంజను ఇప్పటికీ బాగానే ఉంది. డ్రైవర్ వైపు తలుపు లోపలి హ్యాండిల్ మాత్రం లాగినప్పుడల్లా తన చోటు నుంచి పైకి లేచి, వదిలితే పక్కకు వాలిపోయేది. తలుపు తెరుచుకోవడానికి హ్యాండిల్‌ను ఒక చేత్తో ప్యాడ్‌కు (తలుపు లోపలి వైపును కప్పి ఉంచే పలకకు) అదిమి పట్టి, రెండో చేత్తో లాగాల్సివచ్చేది. బండి ఆగాక దిగడానికి ఇది చికాకు మాత్రమే, కానీ ప్రమాదం జరిగి హడావుడిగా బయటికి రావాల్సిన వేళ ఇలాంటి హ్యాండిల్‌ను నమ్ముకోలేము. అందుకే దీన్ని అందచందాలకు సంబంధించిన చిన్న రిపేరుగా చూడకూడదని నా అభిప్రాయం.

షెడ్డు నడిపే పెద్దాయనను అందరూ మేస్త్రి గారు అంటారు. ఆయన ముందుగా హ్యాండిల్ జోలికి పోలేదు. తలుపు తెరిచి, దాని అంచున ఉండే లాక్ నాలుకను స్క్రూడ్రైవర్ మొనతో నెట్టి చూశారు. అది తేలిగ్గా తిరగలేదు. బయటి హ్యాండిల్‌తో వదిలించినప్పుడు కూడా వెంటనే వెనక్కి రాకుండా కాస్త ఆగి వచ్చింది. అప్పుడు ఆయన అన్న మాట ఇది: "హ్యాండిల్ మార్చడం పది నిమిషాల పని సార్. లాక్ బిగుసుకుపోయి ఉంది. దాన్ని వదిలేసి హ్యాండిల్ ఒక్కటీ మారిస్తే కొన్నాళ్లకు మళ్లీ నా దగ్గరికే వస్తారు."

ఇందులోని తర్కాన్ని కొంచెం విడమరచి చెప్పాలి. లోపలి హ్యాండిల్ ఒక మీట లాంటిది. దాన్ని లాగితే వెనక ఉన్న సన్నని ఇనుప రాడ్ తలుపు అంచున ఉన్న లాక్‌ను వదిలిస్తుంది. కొత్త తరం కార్లలో ఈ రాడ్ స్థానంలో తీగ కేబుల్ ఉంటుంది. లాక్ సాఫీగా ఉన్నంతకాలం కొద్ది బలంతో లాగితే చాలు, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్క్రూ మీద కూడా కొద్ది బలమే పడుతుంది. లాక్‌లో తుప్పు చేరి, పాత గ్రీజు గట్టిపడ్డాక మాత్రం మనకు తెలియకుండానే ఇంకా గట్టిగా లాగడం అలవాటవుతుంది. ఆ అదనపు బలమంతా హ్యాండిల్ అడుగున ఉన్న ప్లాస్టిక్ చెవుల మీద, ఆ స్క్రూ దిగే నైలాన్ గుల్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ముందు చీలుతుంది, ఆ తర్వాత గుల్ల అరిగి స్క్రూ పట్టు తప్పుతుంది. మన కంటికి కనిపించేది ఊగే హ్యాండిల్, జబ్బు మాత్రం తలుపు అంచున ఉంటుంది.

విశాఖలో ఈ జబ్బు త్వరగా రావడానికి వేరే కారణం వెతకనక్కరలేదు. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు పక్క వీధుల్లో రాత్రంతా ఆరుబయట నిలిపే బండ్ల మీద ఉప్పు తేమ పేరుకుంటుంది. కారు తలుపు లోపల బోలుగా ఉంటుంది. వానకు అద్దం అంచు నుంచి నీళ్లు లోపలికి దిగడం సహజమే. ఆ నీళ్లు పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఎండుటాకుల పొడి చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతే తలుపు లోపల తేమ నిలిచిపోతుంది, లాక్, స్ప్రింగులు, రాడ్ చివర్లు అన్నీ మెల్లగా తుప్పు పడతాయి. మేస్త్రి గారు సన్నని తీగతో ఆ రంధ్రాలను పొడిచినప్పుడు బురద రంగు నీళ్లు కారాయి. ఈ పని నేను అడగలేదు, దీనికి వేరుగా డబ్బు కూడా తీసుకోలేదు.

ఇక ప్యాడ్ విప్పిన తీరు. ఇక్కడే పనితనం తెలుస్తుంది. అద్దం తిప్పే హ్యాండిల్‌ను పట్టి ఉంచే చిన్న స్ప్రింగ్ క్లిప్పును తీయడానికి చాలామంది స్క్రూడ్రైవర్‌తో కెలికి ప్యాడ్ మీద గీతలు పెడతారు. ఇక్కడి కుర్రాడు పాత బనియన్ గుడ్డను హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య సందులో దూర్చి, చెప్పులు తుడిచినట్టు అటూ ఇటూ లాగాడు. క్లిప్పు ఎగిరిపోకుండా కింద రెండో చేయి పట్టాడు. ప్యాడ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ క్లిప్పులను కూడా మధ్యలో పట్టి లాగకుండా, వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీని ఒక్కొక్క క్లిప్పు పక్కనే దూర్చి, అడుగు మూల నుంచి మొదలుపెట్టి వదిలించాడు. ఆ కాలపు కార్ల ప్యాడ్లలో చాలావరకు నొక్కిన చెక్కపొట్టు అట్టతో చేసినవి. తేమ పీల్చి ఉబ్బిన అట్టను తొందరపడి లాగితే క్లిప్పు రాదు, అట్టే చినిగి క్లిప్పు తలుపుకే ఉండిపోతుంది.

ప్యాడ్ వెనక పాలిథీన్ షీటు ఉండాలి. తలుపులోకి దిగిన నీళ్లు ప్యాడ్‌కు తగలకుండా ఆపేది అదే. నా కారులో అది సగం లేదు, ఉన్న సగం కూడా చినిగి వేలాడుతోంది. ఇంతకుముందు వేరే ఒక వర్క్‌షాపులో గ్లాస్ మెషిన్ మార్చినప్పుడు దాన్ని చింపి అలాగే వదిలేశారన్నమాట. ప్యాడ్ అడుగు అట్ట ఎందుకు ఉబ్బిందో, వానాకాలంలో కారులో ముక్కిపోయిన వాసన ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. మేస్త్రి గారు మందపాటి పాలిథీన్‌ను కొలతకు కోసి, రాడ్ బయటికి వచ్చేచోట చిన్న గాటు మాత్రం పెట్టి, నల్లటి గమ్ టేపుతో చుట్టూ అంటించారు. షీటు అడుగు అంచును ప్యాడ్ వైపు కాకుండా తలుపు లోపలికి మడిచారు, నీళ్లు రంధ్రాల వైపే జారాలని. తలుపు విప్పించుకునే ప్రతివారూ ఈ షీటు తిరిగి పెట్టారో లేదో చూసుకోవాలి. మూసేశాక ఎవరికీ కనిపించని పని కనుక ఎగ్గొట్టేది కూడా దీన్నే.

లాక్‌ను మూడు స్క్రూలు తీసి బయటికి తెచ్చారు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పాత బ్రష్షుతో గట్టిపడిన గ్రీజును రుద్ది, గుడ్డతో పొడిగా తుడిచి, ఆ తర్వాతే తెల్ల గ్రీజు రాశారు. చాలామంది ఇంటి దగ్గర స్ప్రే ఒక్కటి కొట్టి సరిపెడతారు. ఆ స్ప్రే తేమను, తుప్పును వదిలిస్తుంది గానీ త్వరగా ఆరిపోతుంది. కదిలే ఇనుము మీద నిలిచి ఉండేది గ్రీజే. లాక్ తిరిగి బిగించాక స్క్రూడ్రైవర్ మొనతో దాని నాలుకను నెడితే రెండు చప్పుళ్లు స్పష్టంగా వినిపించాయి. మొదటి చప్పుడు తలుపు సగం పడినప్పటిది, రెండోది పూర్తిగా పడినప్పటిది. మొదటి చప్పుడు దగ్గరే ఆగిపోయే లాక్‌తో బండి నడపడం ప్రమాదకరం.

హ్యాండిల్ దగ్గరికి వస్తే, దాని అడుగు చెవుల్లో ఒకటి విరిగిపోయి ఉంది. దాన్ని గమ్ముతో అంటించవచ్చా అని అడిగాను. అంటదని ఆయన నేరుగానే చెప్పారు. కార్ల లోపల వాడే ప్లాస్టిక్‌లలో పాలీప్రొపిలీన్ వంటి కొన్ని రకాలకు మామూలు ఇన్‌స్టంట్ గమ్ములు సరిగా పట్టవు, పట్టే రకమైనా లాగుడు బలం పడే చోట అతుకు నిలవదు. కాబట్టి కొత్త హ్యాండిల్ అవసరమే. పక్క దుకాణం నుంచి రెండు తెప్పించి చూపించారు. రెండూ డూప్లికేట్లే, నా మోడల్‌కు కంపెనీ ఒరిజినల్ దొరకలేదు. ఒకటి మెరుస్తూ అందంగా ఉంది గానీ మీటను పక్కకు వంచితే దాని ఇరుసు పుల్ల దగ్గర ఖాళీ కనిపించింది. రెండోది మొరటుగా ఉన్నా ఇరుసు లావుగా ఉంది, స్ప్రింగ్ గట్టిగా ఉంది. ఆయన రెండోదాన్నే ఎంచారు. అది నలుపు, నా ప్యాడ్ బూడిద రంగు. రంగు తేడా నాకు పట్టింపు కాదు, పట్టింపు ఉన్నవారు ముందే చెప్పుకోవాలి.

పాత నైలాన్ గుల్లను పట్టకారుతో తీసి కొత్తది నొక్కి, స్క్రూ కింద వెడల్పు వాషర్ వేశారు. ఆ తర్వాత చేసిన పనిని మరే వర్క్‌షాపులోనూ నేను చూడలేదు. హ్యాండిల్ బిగించే రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది, అంటే హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ కొద్దిగా జరపవచ్చు. రాడ్ మరీ వదులుగా ఉంటే మీట చివరిదాకా లాగినా లాక్ వదలదు. మరీ బిగువుగా ఉంటే లాక్ ఎప్పుడూ సగం లాగినట్టే ఉండి, గతుకుల్లో తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంటుంది. మేస్త్రి గారు స్క్రూను సగమే బిగించి, మీటను వేలితో కదుపుతూ, కొంచెం ఖాళీగా కదిలాకే రాడ్ బిగుసుకునే చోటు వెతికి, అక్కడ పూర్తిగా బిగించారు. తలుపు తెరిచి ఉండగానే లాక్ నాలుకను రెండు చప్పుళ్ల దాకా నెట్టి, లోపలి హ్యాండిల్‌తో వదిలించారు, బయటి హ్యాండిల్‌తో వదిలించారు, తలుపు లాక్ చేసే బొడిపె నొక్కి ఉంచి మళ్లీ చూశారు. ఇంతలో కుర్రాడు తలుపు వేయబోతే "ఒరే, అప్పుడే వేయకురా, రాడ్ క్లిప్పు చూడలేదు" అని ఆపారు. ఆ జాగ్రత్త ఊరికే కాదు. క్లిప్పు సరిగా కూర్చోకుండా తలుపు మూస్తే, రాడ్ ఊడి, తలుపు బిగుసుకుపోయి, ప్యాడ్‌ను మూసిన తలుపుకే విప్పాల్సివస్తుంది.

ఖర్చు: హ్యాండిల్‌కు 180 రూపాయలు; లాక్ శుభ్రం చేయడం, షీటు, గుల్ల, మజూరీ అన్నీ కలిపి 400. చేసిన పనికి ఇది న్యాయమైన ధర. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం లేదని చెబితే, చూసి, తలుపు అంచున ఉన్న చైల్డ్ లాక్ మీటను పైకి జరిపి, డబ్బు అడగలేదు. అమాయకంగా అడిగే కస్టమరు దగ్గర దానికీ ఒక హ్యాండిల్ అమ్మేసే అవకాశం వారికి ఉంది.

నచ్చని విషయాలూ ఉన్నాయి. బిల్లు ఇవ్వరు, అడిగితే చీటీ మీద అంకె రాసి ఇస్తారు. డూప్లికేట్ హ్యాండిల్‌కు గ్యారంటీ మాట లేదు. ప్యాడ్ మీద గ్రీజు వేలిముద్రలు మిగిలాయి. ఇంటికి వచ్చి సబ్బునీళ్లతో తుడుచుకోవాల్సివచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు, ఎండలో నిలబడాలి. ఒక లారీ క్యాబిన్ తలుపు మధ్యలో వచ్చేసరికి నా పని ఆపి దాన్ని చూశారు, ఎంతసేపు పడుతుందో మాత్రం చెప్పలేదు. నగరం ఉత్తరం వైపు నుంచి గాజువాక దాకా జాతీయ రహదారి 16 మీద వెళ్లి రావడమే పెద్ద పని. ఒక్క హ్యాండిల్ కోసం అంత దూరం వెళ్లడం దండుగ అనుకునేవారు, తలుపుల్లో ఉన్న చిన్నా చితకా పనులన్నీ కూడబెట్టుకుని ఒకేసారి వెళ్లడం మేలు. ఉదయం షెడ్డు తెరిచే వేళకు వెళితే లారీల రద్దీ మొదలుకాక ముందే పని అయిపోతుంది. విరిగిన ముక్క ఏదైనా ఊడి పడి ఉంటే పారేయకుండా వెంట తీసుకువెళ్లాలి. పక్క దుకాణంలో మోడల్ పేరు కంటే ఆ ముక్కను చూపిస్తేనే సరైన హ్యాండిల్ దొరుకుతుంది, ఎందుకంటే ఒకే కారులో ఏడాదిని బట్టి స్క్రూ చోటు మారిన సందర్భాలు ఉంటాయి.

పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న కొత్త కార్ల తలుపులు ఈ షెడ్డులో విప్పరు. కొన్నింటిలో ఢీకొన్న ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ తలుపు లోపలే ఉంటుంది, అక్కడి షీటును ఇష్టం వచ్చినట్టు కోస్తే దాని లెక్క తప్పవచ్చు. అలాంటి కార్లవారిని మేస్త్రి గారు కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్లమంటున్నారు.