ప్రాగ్‌లో రెండు తెల్లవారుజాములు, దారిలో ఒక కొండ

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి తరగతి అయిపోతుంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి మళ్లీ ల్యాబ్‌లో ఉండాలి. మధ్యలో మాకు దొరికేవి అరవై ఎనిమిది గంటలు. తూర్పు జర్మనీలోని కెమ్నిత్స్‌లో చదివేవాళ్లకు చెక్ రాజధాని ప్రాగ్ పెద్ద దూరం కాదు. కిందటి మే నెలలో నలుగురం వెళ్లి వచ్చాం: నేను, వరంగల్ మిత్రుడు, నెల్లూరు అమ్మాయి, ఆమె గదిలో ఉండే త్రిశూర్ అమ్మాయి. మాతో రావలసిన మరో మిత్రుడి నివాస అనుమతి కార్డు గడువు తీరి, కొత్తది ఇంకా చేతికి అందలేదు. సరిహద్దు దాటే ప్రయాణం కాబట్టి అతన్ని తీసుకెళ్లే సాహసం చేయలేదు. అది మంచిదే అయింది. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటగానే జర్మన్ పోలీసులు రైల్లోకి వచ్చి ప్రతి ఒక్కరి పాస్‌పోర్టూ, కార్డూ చూశారు.

చలికాలంలో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినప్పుడు చవక అని రాత్రి బస్సు ఎక్కాం. ఊరి చివర బస తీసుకున్నాం. మిగిలిన డబ్బు నిజమే, కానీ మొదటి రోజంతా నిద్రమత్తులో తూలుతూ తిరిగాం. రెండో రోజు బస నుంచి ఊళ్లోకి రావడానికే సగం పూట పోయింది. విద్యార్థికి వారాంతంలో డబ్బు కంటే కరువైనది సమయం అని అప్పుడే తెలిసింది. అందుకే ఈసారి రైలుకూ, బసకూ ఖర్చు పెట్టాం. మిగతా వాటిలో తగ్గించుకున్నాం.

కెమ్నిత్స్ నుంచి డ్రెస్డెన్ దాకా గంట ప్రయాణం. ఆ టికెట్టు మా విద్యార్థి పాసులోనే కలిసి ఉంటుంది. డ్రెస్డెన్‌లో ప్రాగ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఆ రైల్లో పాసు చెల్లదు కాబట్టి మూడు వారాల ముందే రాయితీ టికెట్లు తీసుకున్నాం. ఇంకో రెండుంబావు గంటల్లో ప్రాగ్. కిటికీ పక్కన చోటు దొరికితే ఎడమవైపు కూర్చోండి. ఎల్బే నది చాలాసేపు మీ వెంటే వస్తుంది, అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు నిలువుగా లేచి ఉంటాయి. నెల్లూరు అమ్మాయి తెచ్చిన పులిహోర ఆ కిటికీ దగ్గరే ఖాళీ అయింది.

బస జిజ్‌కోవ్ అనే పేటలో తీసుకున్నాం. నడిబొడ్డున ఉండే హాస్టళ్ల కంటే చవక. ప్రధాన స్టేషన్ నుంచి పావుగంట నడక, ట్రామ్ ఎక్కితే పాత ఊరు పది నిమిషాలు. ఎనిమిది పడకల గదిలో నాలుగు తీసుకోకుండా నాలుగు పడకల గదే మొత్తంగా తీసుకున్నాం. తలకు ఐదారు యూరోలు ఎక్కువ పడింది, కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకునేవాళ్లకు వేరే దారి లేదు. ఇంకెవరి నిద్రా పాడుచేయకూడదు కదా. పక్క దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వంటగదిలో గిన్నెలన్నీ ఉన్నాయి. స్నానాల గదులు మాత్రం అంతస్తుకు రెండే, ఎనిమిది దాటితే వరుస కట్టాలి. బుకింగ్ ధరలో కలవని ఊరి పన్ను ఒకటి ఉంది: మనిషికి రాత్రికి 50 కొరూనాలు (చెక్ డబ్బు). దిగగానే కౌంటర్‌లో కట్టాలి.

కొరూనాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం దెబ్బతిన్నది అక్కడే. చెక్ దేశంలో యూరో చెల్లుబాటు నాణెం కాదు. కొన్ని దుకాణాలు తీసుకున్నా తమకు నచ్చిన లెక్క కడతాయి. పాత ఊరి కూడలి దగ్గర ఒక మారకం దుకాణం బోర్డు మీద మంచి ధర కనిపించింది. వంద యూరోలు ఇస్తే, యూరోకు ఇరవై నాలుగు కొరూనాల చొప్పున రావలసింది పంతొమ్మిది చొప్పున లెక్కకట్టి చేతిలో పెట్టారు. బోర్డు మీది ధర పెద్ద మొత్తాలకేనట, ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. హాస్టల్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి రసీదు చూపిస్తే వెంటనే వెనక్కి వెళ్లమంది. 2019 ఏప్రిల్ నుంచి అక్కడ ఒక చట్టం ఉంది: వెయ్యి యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రసీదు చూపి రద్దు చేసుకోవచ్చు. పరుగున వెళ్లాం. మొహం చిట్లించుకున్నారు గానీ వంద యూరోలూ తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత అంతా కార్డుతోనే చెల్లించాం. చెల్లించేటప్పుడు యంత్రం యూరోల్లోనా, కొరూనాల్లోనా అని అడిగితే కొరూనాలే నొక్కండి. యూరోలంటే ఆ యంత్రం తన ధరకే లెక్కకడుతుంది. ట్రామ్ టికెట్టు కాగితపుదైతే మొదటిసారి ఎక్కగానే పసుపురంగు యంత్రంలో ముద్ర వేయించాలి. కొన్నంత మాత్రాన అది చెల్లదు.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి చార్ల్స్ వంతెన మీద ఉన్నాం. పాత వంతెన 1342 వరదలో కొట్టుకుపోతే, చక్రవర్తి నాలుగో చార్ల్స్ 1357లో దీనికి పునాది వేయించాడు. పొడవు 516 మీటర్లు, రెండు వైపులా కలిపి ముప్పై విగ్రహ సమూహాలు. మేం వెళ్లేసరికి మాతో కలిపి పదిహేను మంది ఉంటారేమో. వల్టావా నది మీద పలచని పొగమంచు, దాని పైన ప్రాగ్ కోట. నల్లబడిన విగ్రహాల భుజాల మీదికి ఎండ మెల్లగా దిగుతుంటే నలుగురిలో ఎవరమూ మాట్లాడలేదు. అదే వంతెన మీదికి పదకొండింటికి మళ్లీ వస్తే అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది, విగ్రహాల బదులు ఫోన్లు పట్టుకున్న చేతులే కనిపించాయి. ప్రాగ్ వెళ్లి ఈ వంతెనను పగలే చూసి వచ్చినవాళ్లంటే నాకు నిజంగా జాలి. ఆదివారం కూడా అదే వేళకు లేచి వెళ్లాం.

కోటను శనివారమే చూడాలి. ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి కోట లోపలి సెయింట్ వైటస్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా సందర్శకులను రానివ్వరు. 1344లో మొదలైన ఆ చర్చి 1929లో గానీ పూర్తికాలేదు. అద్దాల కిటికీల్లో చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా గీసినదాని ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు. కోట ఆవరణలో తిరగడానికి టికెట్టు అక్కరలేదు, భవనాల లోపలికే కావాలి. విద్యార్థి రాయితీ 26 ఏళ్ల దాకానే. నాలుగేళ్లు ఉద్యోగం చేసి చదువుకు వచ్చిన వరంగల్ మిత్రుడు పూర్తి ధర కట్టాడు. బంగారు వీధి అని పిలిచే చిన్న ఇళ్ల వరుస మాత్రం నన్ను ఆకట్టుకోలేదు. ఆ ఇరుకులో జనం తోపులాట తప్ప ఏమీ మిగలదు.

పాత ఊరి కూడలిలోని ఖగోళ గడియారం 1410 నాటిది. గంట కొట్టగానే పైన కిటికీల్లో బొమ్మలు కదులుతాయి, జనమంతా దానికోసమే మూగుతారు. గంట కొట్టని వేళ వెళ్లండి, గడియారాన్నే చూడవచ్చు. మన పంచాంగంలో కనిపించే పన్నెండు రాశులూ ఒక చక్రంలో ఉన్నాయి. సూర్యాస్తమయం నుంచి లెక్కించే పాత చెక్ గంటలకు మరో వలయం ఉంది. నెల్లూరు అమ్మాయి వృషభంలో సూర్యుణ్ని వెతికి పట్టుకుని ఎంతో సంతోషించింది.

తిండి విషయంలో శాకాహారులు ముందే సిద్ధపడాలి. వంటకాలు ఎక్కువగా పందిమాంసం, గొడ్డుమాంసమే. త్రిశూర్ అమ్మాయికి దొరికినవి పొడి అద్ది వేయించిన చీజ్ ముక్క, వెల్లుల్లి వేసిన బంగాళాదుంప అట్టు. ఆ అట్టు నిజంగా బాగుంది, పక్కన కాస్త పచ్చడి ఉంటే ఇంకా బాగుండేది. రాత్రి హాస్టల్ వంటగదిలో అన్నం వండుకుని ఆవకాయతో తిన్నాం. ప్రతి మలుపులోనూ అమ్మే త్రెదెల్నిక్ అనే చక్కెర అద్దిన రొట్టె చుట్ట ప్రాగ్ సంప్రదాయం కాదు. ఆ పేరుకు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు దక్కింది స్లొవేకియాలోని స్కలిత్సా పట్టణానికి. వేడిగా తింటే రుచిగానే ఉంటుంది.

ఆదివారం తొమ్మిదింటికి యోసెఫోవ్ వెళ్లాం, అంటే పాత యూదుల పేట. అక్కడి ప్రదర్శనశాలలన్నీ శనివారం మూసి ఉంటాయి, కాబట్టి వారాంతంలో వెళ్లేవాళ్లకు ఆదివారమే దిక్కు. టికెట్టు ఖరీదే, అయినా ఈ ప్రయాణంలో ఏ ఖర్చునైనా మానుకోండి గానీ దీన్ని మానుకోవద్దు. పింకస్ ప్రార్థనా మందిరం గోడల నిండా పేర్లు. నాజీల చేతిలో చనిపోయిన బొహీమియా, మొరావియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతాలు) యూదులు దాదాపు 78 వేల మంది. ఇంటిపేరు ఎర్రగా, దాని పక్కన మనిషి పేరు, పుట్టిన తేదీ, బతికి ఉన్నట్టు చివరిసారి తెలిసిన తేదీ. ఊళ్లవారీగా, వరుసగా. ఒకే ఇంటిపేరు కింద ఏడెనిమిది పేర్లు చదివాక కళ్లు ముందుకు కదల్లేదు. పై అంతస్తులో, ప్రాగ్‌కు ఉత్తరాన నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్ పట్టణంలో పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. చిత్రకారిణి ఫ్రీడెల్ డికర్ బ్రాండైస్ అక్కడ పిల్లలకు బొమ్మలు నేర్పింది. 1944లో ఆమెను ఆష్విట్స్ మరణ శిబిరానికి పంపారు, అక్కడే చంపేశారు. వెళ్లేముందు ఆమె దాదాపు 4,500 బొమ్మలను రెండు పెట్టెల్లో దాచింది. ఇళ్లు, సీతాకోకచిలుకలు, అన్నం బల్ల. బయటికి వచ్చాక నది ఒడ్డున చాలాసేపు కూర్చున్నాం. తర్వాత చూడాలనుకున్న పెత్రీన్ కొండను వదిలేశాం, అందుకు ఎవరికీ బాధ లేదు.

మధ్యాహ్నం రైలు ప్రాగ్ దాటి ఉత్తరానికి పరుగెడుతుంటే బొహుషోవిత్సె అనే చిన్న స్టేషన్ క్షణంలో వెనక్కి పోయింది. తెరెజీన్‌కు తెచ్చినవాళ్లను మొదట్లో దించింది అక్కడే, అక్కడి నుంచి మూటలు మోసుకుని నడిచి వెళ్లేవారు. వచ్చేటప్పుడు ఇదే పట్టాల మీద పులిహోర తింటూ ఆ బోర్డు చూడకుండానే దాటిపోయాం.

తిరుగు టికెట్టు డ్రెస్డెన్ దాకా కాకుండా సరిహద్దు దాటగానే వచ్చే బాడ్ షాండావ్ దాకానే తీసుకున్నాం. అక్కడి నుంచి లోకల్ రైళ్లకు మా పాసు చెల్లుతుంది, రాథెన్ రెండు మూడు స్టేషన్లే. రాథెన్‌లో ఎల్బే దాటడానికి పడవ ఉంది. దానికి ఇంజన్ లేదు, తీగకు కట్టి ఉంటుంది, ప్రవాహమే అటునుంచి ఇటు తోస్తుంది. అవతల దిగి ముప్పావుగంట మెట్లెక్కితే బాస్తై అనే కొండ. 1851లో కట్టిన రాతి వంతెన, నదికి దాదాపు రెండువందల మీటర్ల ఎత్తున, కొండ కొమ్ముల మధ్య. వంతెన ఎక్కడానికి టికెట్టు లేదు. మెట్లు ఎక్కలేనివాళ్లకు పై దాకా రోడ్డు ఉంది. డ్రెస్డెన్‌లోని ఫ్రావెన్‌కిర్షె చర్చి ఈ ఎల్బే ఇసుకరాతితో కట్టినదే. 1945 బాంబుదాడిలో కూలిన ఆ చర్చిని తిరిగి కట్టినప్పుడు పాత రాళ్లనూ వాడారు, గోడల మీద అక్కడక్కడ నల్లగా కనిపించేవి అవే.

సాయంత్రం ఆరవుతుంటే వంతెన మీద మేమూ, ఒక ముసలి దంపతులూ మిగిలాం. కింద అవతలి ఒడ్డున ప్రాగ్ వైపు వెళ్లే రైలు చిన్న గొంగళిపురుగులా మలుపు తిరుగుతోంది. అది కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాం. ఆ తర్వాత త్రిశూర్ అమ్మాయి, చివరి పడవ ఎన్నింటికో చూసుకోలేదని గుర్తుచేసింది. మెట్లన్నీ దాదాపు పరుగున దిగాం. పడవ ఇంకా ఉంది.