పింక్ ఫ్లాయిడ్ 'ఒరిజినల్' ఎల్పీలంటున్నారు, నెల్లూరు, ఒంగోలు వాళ్లు జాగ్రత్త

బ్రిటిష్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్‌ని కొత్తగా వింటూ, ఫోన్లో విన్నది చాలక ముల్లు పెట్టి వినే రికార్డులు (ఎల్పీలు) కొందామనుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ పోస్టు. ఇన్‌స్టాలో ఒక పేజీ వాళ్లు "1973 ఫస్ట్ ప్రెస్ (అంటే తొలి ముద్రణ), సీల్డ్ పీస్, పాత గోడౌన్ స్టాక్" అని దొంగ ముద్రణలు అంటగడుతున్నారు. కావలిలో ఉండే మా పిన్ని కొడుక్కి ఒకటి, నెల్లూర్లో నాకు ఒకటి వచ్చాయి. పేజీ పేరు రాసినా లాభం లేదు, పేరు మార్చి మళ్లీ తెరుస్తున్నారు. సరుకుని గుర్తుపట్టడం నేర్చుకోండి.

మా పిన్ని కొడుక్కి వచ్చింది 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బం. 3,200 రూపాయలు, ముందే యూపీఐలో కొట్టించుకున్నారు. అట్ట తిప్పి చూస్తే వెనకాల బార్‌కోడ్ ఉంది. దుకాణంలో బార్‌కోడ్ స్కాన్ చేసి మొట్టమొదట వస్తువు అమ్మిందే 1974 జూన్‌లో, అమెరికాలో. 1973 మార్చిలో వచ్చిన రికార్డు తొలి ముద్రణ మీద అది ఎట్లా ఉంటుంది? ఈ ఒక్కటి చాలు, అది అబద్ధమని తేలడానికి.

అట్ట సంగతి ఇంకా అన్యాయం. అసలుది పుస్తకంలా తెరుచుకునే జంట అట్ట. ముందు వైపు రంగుల గీత లోపలికి కూడా సాగి, గుండె చప్పుడు గ్రాఫులా లేచి పడుతుంది. 1973 ముద్రణతో రెండు పోస్టర్లు, పిరమిడ్ స్టిక్కర్లు కూడా ఇచ్చారు. మా వాడికి వచ్చింది ఒంటి అట్ట, ఎవరో స్కాన్ చేసి ప్రింటు కొట్టింది. ఆ రంగుల పట్టీలో ఆరు రంగులు విడివిడిగా కనపడాలి. దీంట్లో నీలం, ఊదా కలిసిపోయి మసకమసగ్గా ఉన్నాయి.

డబ్బు కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది ముల్లు పెట్టాక విన్నది. ఆ ఆల్బంలో ఒక్కో వైపు పాటలన్నీ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. మొదట గుండె చప్పుడు, గడియారాల టిక్‌టిక్, నవ్వులు, ఆడమనిషి కేక, ఆ కేక పైకి లేచి సరిగ్గా 'బ్రీద్' పాట గిటార్లోకి దిగుతుంది. దొంగ రికార్డులో కేక మధ్యలో తెగింది. టక్కున నిశ్శబ్దం, ఆ తర్వాత గిటార్. ఎంపీత్రీ ఫైళ్లు వరసగా పెట్టి చెక్కేస్తే ఇట్లాగే ఉంటుంది. నాకొచ్చిన 'విష్ యూ వర్ హియర్'లోనూ ఇదే తంతు. అందులో 'హావ్ ఎ సిగార్' పాట చివర బ్యాండంతా ఉన్నట్టుండి చిన్న రేడియోలోకి దూరినట్టు పల్చబడిపోయి, స్టేషన్ తిప్పుతున్న శబ్దంలోంచి టైటిల్ పాట గిటార్ మొదలవుతుంది. ఆ చోటే కోసి పారేశారు.

మా వాడేమో "ఎల్పీలో ఇట్లాగే ఉంటుందేమో అన్నా" అన్నాడు. నాకు కడుపు మండింది. 19 ఏళ్ల పిల్లాడు ఆ ఆల్బం మొదటిసారి మొత్తంగా వినడం అదే. కొత్తగా వినేవాడికి అసలు ఎట్లా ఉండాలో తెలియదు కదా, అందుకే ఈ అమ్మేవాళ్లు కొత్తవాళ్లనే పట్టుకుంటున్నారు. మొదటిసారి వినడమనేది ఒక్కసారే. దాన్ని పాడు చేసే హక్కు వీళ్లకు ఎవరిచ్చారు?

అందుకే డబ్బు కట్టక ముందు ఆల్బం మొత్తం ఏదైనా అధికారిక యాప్‌లో, మధ్యలో ప్రకటనలు లేకుండా, వరసగా ఒకసారి వినండి. షఫుల్ తీసేయండి. పాటలు ఎక్కడ కలుస్తున్నాయో చెవికి పడుతుంది. తర్వాత అమ్మేవాణ్ని రెండు ఫొటోలు అడగండి: మధ్య లేబుల్ ఒకటి, చివరి పాట అయ్యాక లేబుల్ పక్కన నున్నగా ఉండే చోటు ఒకటి. అసలు రికార్డులో అక్కడ అంకెలు, అక్షరాలు చెక్కో గుద్దో ఉంటాయి. సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే కనపడతాయి. మా రెండింటి మీదా, రెండు వేరు వేరు ఆల్బంలైనా, ఒకే చేతిరాత, ఒకే రకం అక్షరాలు. సీలుంది, తీయకూడదు అంటే వదిలేయండి. ఇంకోటి, 'విష్ యూ వర్ హియర్' 1975లో నల్ల కవరు చుట్టి, పైన చేతులు కలుపుకునే స్టిక్కరుతో అమ్మారు. తెల్లటి ప్లాస్టిక్‌లో చుట్టి "1975 సీల్డ్" అంటే నమ్మొద్దు.

పాత ముద్రణే కావాలన్న పట్టు కొత్తవాళ్లకి అక్కర్లేదు. 2016 నుంచి బ్యాండు సొంత లేబుల్ మీద మళ్లీ విడుదల చేసిన ఎల్పీలున్నాయి, వాటిని బిల్లిచ్చే దుకాణంలో కొనుక్కోండి. నెల్లూరు వాళ్లకు చెన్నై ఎంత దూరం, పొద్దున రైలెక్కితే దుకాణంలో నిలబడి విని తెచ్చుకోవచ్చు. రేడియో ప్రసారం నుంచి తీసిన 'లైవ్' రికార్డులు కూడా చవగ్గా తిరుగుతున్నాయి. అవి బ్యాండు విడుదల చేసినవి కావు, మొదటి కొనుగోలుకి అసలు పనికిరావు. వీళ్ల మిగతా ఆల్బంలు 'మెడిల్', 'యానిమల్స్', 'ది వాల్' దేనికైనా ఇదే మాట.

మాకు ఆ పేజీ వాళ్లిచ్చిన జవాబు "అన్‌బాక్సింగ్ వీడియో లేదు, రిటర్న్ లేదు". వీడియో ఉందని పంపితే బ్లాక్ చేశారు. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. చాట్, యూపీఐ రసీదు, కొరియర్ కవరు మీది చిరునామా, బార్‌కోడ్ ఫొటో అన్నీ జత చేశాం. మీరూ ఏదీ చెరపొద్దు. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద తయారుచేసిన వాళ్ల పేరు, చిరునామా, హక్కుదారు, మొదటి ప్రచురణ సంవత్సరం ఉండాలని కాపీరైట్ చట్టం 52ఏ సెక్షన్ చెబుతోంది. మాకొచ్చిన అట్టల మీద ఒక్క చిరునామా లేదు, అదీ ఫిర్యాదులో రాశాం.

కావలి, ఒంగోలు, నెల్లూరు వైపు ఎవరైనా ఇప్పటికే కొనుంటే లేబుల్ పక్కన చెక్కిన అక్షరాల ఫొటో కింద పెట్టండి. మా వాటితో పోల్చి చెప్తాను, అదే చేతిరాతైతే మీ ఫిర్యాదులో మా ఫిర్యాదు నంబరు కూడా రాసుకోవచ్చు.