ఆదిసంఘం గోడ మ్యాప్ (తెలుగు) – కొనొచ్చు, కాకపోతే రెండు చోట్ల దిద్దుకోవాలి

మాది ఒడిశాలో బరంపురం. సండే స్కూల్ పిల్లలకి పనికొస్తుందని ఈ ఫ్లెక్స్ మ్యాప్ తెచ్చాను, యెరూషలేము దగ్గర మొదలైన క్రైస్తవం మొదటి నాలుగొందల ఏళ్ళలో ఎటెటు పాకిందో చూపిస్తాది, 450 రూపాయలు. షాపు పేరు ఎందుకులెండి, ఓనర్ మంచాయనే, చుట్టి ఇచ్చిన రబ్బర్ బ్యాండే బస్సు దిగేలోపు తెగిపోయింది.

నచ్చిందేటంటే, మామూలుగా ఊరూరా తిరిగి సువార్త చెప్పిన పౌలు ప్రయాణాలు నాలుగు గీతలు గీసి వదిలేస్తారు కదా, ఇందులో రోమా వాళ్ళ రోడ్లు ఒక రంగు, ఓడల దారులు ఇంకో రంగు, సంఘాలు, అంటే క్రైస్తవుల కూటాలు, పుట్టిన ఊళ్ళు చుక్కలు. అది చూడగానే అర్థమైపోతాది, చుక్కలన్నీ బేరసారాలు నడిచే ఊళ్ళలోనే ఉన్నాయి. ఫిలిప్పీ, థెస్సలొనీక రెండూ రోమా వాళ్ళు వేసిన ఎగ్నాతియా రోడ్డు మీదే, కొరింథుకైతే రెండు వైపులా రేవులు, ఎఫెసు కూడా రేవే. ఫిలిప్పీలో మొదట నమ్మిన లూదియ కూడా ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారస్తురాలు, ఆవిడదీ ఆ ఊరు కాదు, తుయతైర.

కొరింథు పక్కన చిన్న డేరా బొమ్మ వేశారు, నాకు అదే బాగా నచ్చింది. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా నుంచి పొమ్మన్నప్పుడు అకుల, ప్రిస్కిల్ల మొగుడూ పెళ్ళాలు కొరింథు వచ్చి డేరాలు కుట్టుకుని బతికారు, పౌలుదీ అదే పని కాబట్టి వాళ్ళింట్లోనే దిగాడు, తర్వాత వీళ్ళు ఎఫెసు వెళ్తే అక్కడా సంఘం వాళ్ళింట్లోనే కూడింది. మా నాన్న పట్టు నేసిన మనిషి, బొమ్మ చూసి "ఏట్రా, వీళ్ళూ మనలాగే పని పట్టుకుని ఊరు మారినోళ్ళా" అన్నాడు. మా తాతముత్తాతలూ మగ్గాలు పట్టుకునే ఇటొచ్చారు మరి. ఆ బొమ్మ కిందే సంవత్సరం కూడా వేశారు, కొరింథులో పౌలుని ఎవరి ముందుకు లాక్కెళ్ళారో ఆ రోమా అధిపతి గల్లియోను పేరు గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనంలో ఉంది కాబట్టి పౌలు కొరింథులో ఉన్నది క్రీ.శ. 51 ప్రాంతమని తేలింది, అది సరిగ్గానే ఉంది.

ఇప్పుడు తప్పులు. అంతియొకయ అని రెండు ఊళ్ళున్నాయి, ఒకటి సిరియాలో, ఒకటి పిసిదియలో. శిష్యుల్ని మొదటిసారి క్రైస్తవులని పిలిచింది సిరియా ఊళ్ళో, వీళ్ళు ఆ ముక్క తీసుకెళ్ళి పిసిదియ మీద అచ్చేశారు. రెండోది ఇంకా ఘోరం, 313లో క్రైస్తవం రోమా రాజ్యమతం అయిపోయిందని రాశారు. 313లో రోమా చక్రవర్తులు కాన్‌స్టంటైన్, లిసినియస్ కలిసి ఇచ్చింది మత స్వేచ్ఛ, సంఘాల దగ్గర జప్తు చేసిన ఆస్తులు తిరిగివ్వమన్నారు, అంతే. రాజ్యమతం చేసింది 380లో థియొడోసియస్ చక్రవర్తి. పిల్లలు పరీక్షలో ఇదే రాసొస్తే ఎవరిది బాధ్యత?

తూర్పు వైపు సగం ఖాళీ. ఎదెస్సా ఉంది గానీ యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్ లేదు, మామూలు ఇంటినే ఆరాధనకి మార్చుకుని లోపల బాప్తిస్మం గది కట్టుకున్నారు అక్కడ, 256 ప్రాంతంలో ఊరు పడిపోయాక మట్టి కింద అలాగే మిగిలింది. అది పెట్టకుండా మూలన పెద్ద పావురం బొమ్మ ఎందుకు పెట్టారో. యేసు శిష్యుడు తోమా క్రీ.శ. 52లో కేరళకి రావడం మాత్రం చుక్కల గీతతో చూపించి 'సంప్రదాయం' అని పక్కన రాశారు, ఆ నిజాయితీ నచ్చింది.

ఇంకో తిప్పలు మాది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివేది ఒడియా, తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే, కాబట్టి ఊరి పేర్ల కింద ఒడియాలో పెన్నుతో రాసుకున్నాను. ఫ్లెక్స్ మెరుపుకి ట్యూబ్‌లైట్ పడి ఎఫెసు కనబడదు, కాస్త పక్కకి తగిలించుకోండి.

అయిదుకి మూడు స్టార్లు. ఫోన్ చేసి తప్పులు చెప్తే "నెక్స్ట్ ప్రింట్‌లో చూద్దాం సార్" అన్నారు. 313 మీద కాగితం ముక్క అంటించాను, వారానికోసారి ఊడిపోతోంది.