తోలుబొమ్మల ఎరుపు కాగితం మీద నిలిచింది: అనంతపురంలోని ఒక ప్రింట్ స్టూడియో పనితనం

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలను ఫొటో తీసి ప్రింటు వేయించాలనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు వెలుతురుది. మేక తోలును పల్చగా గీకి, రంగులద్ది, నగలు ఉండే చోట సన్నని రంధ్రాలు కొట్టి చేసే ఆ బొమ్మ, వెనుక దీపం ఉన్నప్పుడే నిండుగా కనిపిస్తుంది. కంప్యూటర్ తెర కూడా వెనుక నుంచి వెలిగేదే కనుక ఆ అందం అందులో చాలావరకు నిలుస్తుంది. కాగితం మాత్రం తన మీద పడిన వెలుతురును తిప్పి పంపగలదే గాని తానుగా వెలగలేదు. అనంతపురం సాయినగర్‌లో ఫైన్ ఆర్ట్ ప్రింట్లు వేసే ఒక చిన్న స్టూడియోకు నేను ఈ బొమ్మల ఫొటోలనే ఇచ్చాను. వచ్చిన ఫలితం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఫైలు తీసుకోగానే వారు అడిగిన మొదటి ప్రశ్న అది ఏ కలర్ స్పేస్‌లో (ఫైలులోని అంకెలు ఏ రంగులను సూచిస్తాయో చెప్పే కొలమానం) ఉందని. అంతకుముందు వేరొక ల్యాబ్‌లో ఈ మాట ఎవరూ అడగలేదు. ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ ఫైలును అక్కడ అంతకంటే ఇరుకైన ఎస్‌ఆర్‌జీబీగా చదివి ప్రింటు వేయడంతో రావణుడి బొమ్మలోని ఎరుపంతా పాలిపోయింది. ఇక్కడ మానిటర్‌ను కాలిబ్రేట్ చేసి (రంగులు సరిగ్గా చూపేలా సరిచేసి), దాని వెలుతురును చదరపు మీటరుకు 100 క్యాండెలాల దగ్గరకు తగ్గించి, ఆ ప్రింటరు, కాగితం కలిసి రంగులను ఎలా చూపుతాయో వివరించే ఐసీసీ ప్రొఫైల్‌తో ప్రింటు ఎలా వస్తుందో ముందే తెర మీద చూపించారు.

అసలు పనితనం ఆ తర్వాత కనిపించింది. అందే రంగులను అలాగే ఉంచి, అందనివాటిని మాత్రం దగ్గరి రంగుకు మార్చే రిలేటివ్ కలరిమెట్రిక్ పద్ధతిలో వేసిన టెస్ట్ స్ట్రిప్‌లో (పరీక్షకు వేసే చిన్న ముక్కలో), కాగితానికి అందని ఎరుపు ఛాయలన్నీ ఒకే ముద్దగా కలిసిపోయి, బొమ్మ కట్టిన పంచె మడతలు కనిపించకుండా పోయాయి. రంగులన్నిటినీ కలిపి కుదించే పర్సెప్చువల్ పద్ధతిలో వేసిన స్ట్రిప్‌లో రంగు మొత్తం మీద కాస్త తగ్గినా, మడత మడతకూ తేడా తెలిసింది. కాగితం విషయంలోనూ ఇదే ఓపిక చూపారు. నూటికి నూరు పాళ్లు పత్తితో చేసిన మ్యాట్ కాగితం చేతికి ఎంతో హాయిగా ఉంటుంది కాని దాని మీద నలుపు అంత లోతుగా రాదు. బేరియం సల్ఫేట్ పూత ఉన్న బరైటా కాగితం మీద నలుపు చిక్కగా వచ్చి, దాని పక్కనున్న ఎరుపుకు ఆ దీపపు వెలుగు కొంత తిరిగి వచ్చినట్టయింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాక నేను బరైటానే ఎంచుకున్నాను. పెద్ద ప్రింటులో నగల రంధ్రాలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

లోపం ఒకటుంది. ప్రింట్లను సరిచూడడానికి ప్రమాణంగా తీసుకునే 5000 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలమానం) వెలుతురు అక్కడ లేదు. నీలి ఛాయ ఉన్న ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఎరుపు నల్లబారినట్టు అనిపిస్తుంది. రంగు మీద ఇంత శ్రద్ధ పెట్టేవారు ఈ ఒక్క దీపం కూడా అమర్చుకోవాలని నా గట్టి కోరిక. అంతవరకు స్ట్రిప్‌ను బయట పగటి వెలుతురులో పెట్టి చూడడం మేలు.

ధర మామూలు ల్యాబ్ కంటే బాగా ఎక్కువ. త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంకులకు, ఆ కాగితానికి అది న్యాయమైనదే. పెళ్లి ఆల్బమ్‌కు, ఫ్లెక్సీకి ఇంత ఖర్చు అవసరం లేదు. చిత్రకళను ప్రింటు వేయించేవారు మాత్రం ఫైలును ప్రొఫైల్ జతచేసిన 16 బిట్ టిఫ్‌గా (రంగు ఛాయల వివరం ఎక్కువగా నిలిపే ఫైలు రకం) ఇచ్చి, టెస్ట్ స్ట్రిప్ చూశాకే పెద్ద సైజుకు ఒప్పుకోవాలి.