కలం, కసిం, గేదె పాలు: శ్రీకాళహస్తి పద్ధతి ఏళ్ళ తరబడి వాడాక

శ్రీకాళహస్తి కలంకారీలో ఎరుపు వేసేటప్పుడు ఎరుపు కనపడదు. గుడ్డ మీద పూసేది పటిక నీళ్ళు. అసలు రంగు రెండు రోజుల తర్వాత, గుడ్డ రాగి గంగాళంలో ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడికినప్పుడు బయటపడుతుంది. కుంచె ముంచడం, పూయడం, చూసి సరిదిద్దుకోవడం అలవాటైన చిత్రకారుడికి ఈ ఒక్క సంగతి ఒంటబట్టడానికే చాలా గుడ్డలు పాడవుతాయి. కరక్కాయ దంచడం దగ్గర్నుంచి ఆఖరి ఉతుకు దాకా అన్నీ సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళ కోసం ఈ సమీక్ష. పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీ వేరే విద్య, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

బొమ్మ ఊహలో ఉండగానే రంగుల లెక్క తేలిపోవాలి. గజేంద్రమోక్షం వేద్దామనుకుంటే ముందు మనసులో మెదిలేది మడుగు నిండా నీళ్ళు, పైనుంచి దిగివస్తున్న విష్ణువు. రెండూ నీలమే. ఈ పద్ధతిలో నీలం అన్నిటికన్నా బలహీనమైన రంగు, దాన్ని రెండు పెద్ద జాగాల్లో పరిస్తే బొమ్మ వెలవెలబోతుంది. అందుకని మడుగును రంగుతో కాకుండా గీతతో చెప్పాలి. నల్లటి అలల వరసలు, వాటి మధ్య చేపలు, ఎర్రతామరలు పెట్టి, నీటి జాగాని గుడ్డ రంగుకే వదిలేయాలి. నీలమంతా విష్ణువుకి దాచిపెట్టాలి. ఏనుగుకి బూడిదరంగు కావాలనిపిస్తుంది గాని అది ఇక్కడ దొరకదు. కసింలో, అంటే గీతకి వాడే నల్లసిరాలో, నీళ్ళు కలిపి పూస్తే వస్తుంది కదా అనుకుంటాం, అది మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. ఏనుగుని తెల్లగా ఉంచి, చెవుల దగ్గర, తొండం మడతల్లో సన్నగీతలు నింపితే ఎర్ర నేపథ్యం మీద ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. ఆడవాళ్ళకి పసుపు, విష్ణువుకీ రాముడికీ నీలం, రాక్షసులకి ఎరుపు అన్న సంప్రదాయాన్ని ప్రతీక అనే అనుకుంటాం. రంగులు నాలుగైదుకి మించని చోట, గుంపులో ఎవరు ఎవరో కనిపెట్టడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

కాబట్టి కాగితం మీద చిన్న నమూనా తప్పనిసరి. ఎర్రబడేవి, నల్లబడేవి, గుడ్డ రంగులో మిగిలేవి అని మూడుగా విడదీసి రాసుకోవాలి. పసుపు, నీలం ఆఖర్న వచ్చేవి, వాటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

గుడ్డ సంగతికొస్తే, చలువ చెయ్యని, అంటే తెల్లబరచని, గాడా అనే ముతక నూలు గుడ్డే కావాలి. మిల్లులో తెల్లబరచిన నూలు గుడ్డ కరక్కాయని సరిగా పీల్చదు, గీత పైపైనే నిలుస్తుంది. గంజి పూర్తిగా పోవడం ముఖ్యం. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మర్నాడు బండకేసి ఉతికి, పేడ నీళ్ళలో మళ్ళీ ఓ రాత్రి ఉంచి, ఎండలో ఆరేయాలి. గంజి పోయిందో లేదో తెలియాలంటే ఆరిన గుడ్డ మీద ఒక చుక్క నీళ్ళు వెయ్యండి. చుక్క నిలబడితే ఇంకా ఉంది, ఇట్టే ఇంకిపోతే పోయింది. ఈ పని తొందరగా ముగించిన గుడ్డలో తర్వాత ఎరుపు చారలు చారలుగా వస్తుంది, అప్పుడు కారణం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

ఇక పాలు. ఈ పద్ధతిలో ఎవరూ గొప్పగా చెప్పని, నేను మాత్రం మొదటి మార్కులు వేసే సరుకు గేదె పాలే. మీటరు గుడ్డకి అర లీటరు పచ్చి పాలు, 50 గ్రాముల మెత్తటి కరక్కాయ పొడి సరిపోతాయి. పొడిని కొద్ది పాలలో ఉండలు లేకుండా కలిపి, మిగతా పాలు చేర్చి, వడగట్టి, గుడ్డని పావుగంట పిసుకుతూ తడపాలి. బాగా పిండి ఎండలో పరచాలి. తీగ మీద వేలాడదీస్తే పాలు కిందికి జారి కింది అంచు ముదురుగా, పై అంచు వెలిసినట్టుగా తయారవుతుంది. ఇందులో కరక్కాయ పని వేరు, పాల పని వేరు. కరక్కాయలోని వగరు ఇనుముని నలుపుగా మారుస్తుంది, పటికని పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు సిరా పక్కకి పాకకుండా ఆపుతుంది. ఆవు పాలతోనో, వెన్న తీసిన పాకెట్టు పాలతోనో చేస్తే గీత అంచుల్లో వెంట్రుకల్లాంటి పాకుడు కనిపిస్తుంది. పాలు మరీ చిక్కగా ఉన్నా ఇబ్బందే, కలం జారుతుంది, సిరా లోపలికి దిగదు. వాసన గురించి దాచేదేమీ లేదు. ఆఖరి ఉతుకు దాకా గుడ్డ పులిసిన పాల కంపు కొడుతూనే ఉంటుంది, చీమలూ ఎలుకలూ వెతుక్కుంటూ వస్తాయి. ఇరుకు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఇది ఆలోచించుకుని దిగాలి.

గీతకి ముందు చింతబొగ్గు. చింతపుల్లల్ని మూసిన కుండలో కాల్చి చేసుకునే ఈ బొగ్గు మెత్తగా రాస్తుంది, పాత గుడ్డతో విదిలిస్తే పోతుంది. మార్కెట్లో దొరికే పెన్సిల్ మాత్రం వాడకండి, దాని గీత ఉడికినా పోదు.

కలాన్ని ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు చేసుకోవాలి. ఎండిన వెదురు పుల్ల జానెడు పొడవుండాలి. మొన చెక్కి, మొనకి రెండు వేళ్ళ ఎడం పైన ఉన్ని గుడ్డ చుట్టి, దాని మీద నూలు దారం బిగించాలి. సిరా నిలిచేది ఆ ఉండలోనే, దాన్ని వేలితో ఎంత నొక్కితే అంత దిగుతుంది. ఉన్ని బదులు నూలు గుడ్డ చుడితే సిరా తక్కువ పడుతుంది, పొడుగు గీత మధ్యలో ఆగిపోతుంది. దారం వదులైతే గీత మొదట్లోనే బొట్టు పడుతుంది. ముంచిన ప్రతిసారీ ముందు ఒక చెత్తగుడ్డ మీద తాకించి ఆ తర్వాత బొమ్మ మీద పెట్టడం అలవాటు చేసుకోవాలి. నింపడానికి ఈతపుల్ల చివర నలగ్గొట్టి చేసే మొద్దు కలం వేరు. వెదురు మొన రోజంతా గీస్తే అరిగి మొద్దుబారుతుంది, సాయంత్రం మళ్ళీ చెక్కుకోవాలి. కసిం కలాన్ని పొరపాటున పటికలో ముంచారా, ఆ పటిక పడిన చోటల్లా ఎరుపు బదులు వంగపండు రంగు వస్తుంది. ఊదా కావాలనుకున్నప్పుడు పాతకాలపు అద్దకం వాళ్ళు ఇనుమునీ పటికనీ కావాలనే కలిపేవాళ్ళు గాని, ఎర్రచీర మధ్యలో ఊదా మచ్చ మనకి పనికిరాదు. ప్రతి సరుకుకీ కలం, చిప్ప విడిగా ఉండాలి.

కసిం అంటే నల్లసిరా. 5 లీటర్ల నీళ్ళకి అర కిలో తుప్పు ఇనుప ముక్కలు, అర కిలో బెల్లం, అందులో సగం తాటిబెల్లం. ఇనుముని ముందు నిప్పుల్లో కాల్చాలి, జిడ్డు ఉంటే ఊరదు. మట్టికుండలో పోసి మూత వదులుగా పెట్టి, మూడు వారాలు కదపకుండా ఉంచాలి. బెల్లం పులిసి పుల్లనవుతుంది, ఆ పులుపు ఇనుముని కరిగిస్తుంది. కరక్కాయ గుడ్డ ముక్క మీద గీసి చూస్తేనే తయారైందో లేదో తెలుస్తుంది. గీత మొదట బూడిదగా ఉండి నిమిషాల్లో గాలి తగిలి నల్లబడితే సిద్ధం. గోధుమరంగు దగ్గరే ఆగిపోతే ఇంకో వారం ఆగాలి. సిరా పలచగా ఉన్నప్పుడు బెల్లం ఎక్కువ వేసి సరిచేద్దామనుకోవడం అందరూ చేసే తప్పు. దాంతో చిక్కదనమే వస్తుంది, నలుపు రాదు, గీత జిగటగా ఆరుతుంది.

నలుపు దిద్దుబాటుకి లొంగదు. నిమ్మరసం అద్దితే గీత తేలికపడుతుంది గాని, పులుపు మిగిలిన చోట తర్వాత ఎరుపు సరిగా పట్టదు. దానికన్నా తప్పు గీతనే నగగానో, చీర మడతగానో, తీగగానో మలచుకోవడం మేలు. శ్రీకాళహస్తి బొమ్మల్లో అంత అలంకారం ఎందుకుంటుందని అడిగేవాళ్ళకి నేను సగం సరదాగా చెప్పే జవాబు ఇదే. ఇంకో జాగ్రత్త, కసింతో పెద్ద జాగాలు నింపకూడదు. ఇనుము ఏళ్ళ మీద నూలుని తింటుంది. పాత కోరమండల్ తీరపు అద్దకం గుడ్డల్లో మిగతా అంతా చెక్కుచెదరకుండా ఉండి, నల్లగీత ఉన్నంత మేర పోగులు రాలిపోయినవి ఉన్నాయి.

ఎరుపు దగ్గర ఈ పద్ధతి దేనికీ తీసిపోదు, కానీ తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. లీటరు వేడినీళ్ళలో 100 గ్రాముల పటిక కరిగించి చల్లార్చాలి. లేత ఎరుపు కావలసిన చోటికి ఇందులో సగం పటికతో ఇంకో చిప్ప పెట్టుకోవాలి. ఎక్కడ పూశామో కనబడ్డానికి అందులో కాస్త సురుడుచెక్క (ఎర్రరంగునిచ్చే బెరడు) కషాయం కలుపుతారు. పెద్ద నేపథ్యాన్ని ఒక చివర మొదలుపెట్టి, తడి అంచు ఆరకముందే ముందుకి జరుపుకుంటూ పోవాలి. ఆరిన అంచు మీద మళ్ళీ పూస్తే అక్కడ పటిక రెట్టింపై, ఉడికాక కుట్టువేసినట్టు ముదురు గీత తేలుతుంది. భోజనానికి లేవాలంటే నేపథ్యం మధ్యలో కాదు, ఏదైనా బొమ్మ అంచు దగ్గర ఆపాలి.

పటిక పట్టడానికి కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలేయాలి. ఆ తర్వాతి ఉతుకే అసలు పరీక్ష. పారే నీళ్ళలో గుడ్డని మడత పడకుండా పరిచి పట్టుకోవాలి. ఎక్కువైన పటిక కొట్టుకుపోవాలి, పక్క జాగాల మీద దిగకూడదు. బకెట్లో ముంచి తీస్తే ఆ నీళ్ళలోని పటికంతా తెల్లగా ఉండాల్సిన ఏనుగు మీదా పడుతుంది, ఉడికాక ఏనుగు గులాబీ రంగులో తేలుతుంది. శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి ఒడ్డున ఈ విద్య నిలదొక్కుకోవడానికి గుడి ఒక కారణమైతే ఏరు ఇంకో కారణం. ఏరు లేనివాళ్ళు వాలుగా పెట్టిన రేకు మీద గుడ్డ పరిచి, పైనుంచి గొట్టంతో పది పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు వదలాలి. నీళ్ళలో ఇనుము ఉంటే మాత్రం ఈ పని మానుకోండి. బోరు నీళ్ళు కొద్దిసేపు నిలవుంచితే ఎర్రటి మడ్డి దిగుతోందా? అయితే అవి కరక్కాయ గుడ్డని మొత్తంగా బూడిదరంగుకి తిప్పుతాయి, దానికి మందు లేదు. సున్నపు నీళ్ళకి మాత్రం భయపడక్కర్లేదు, కొద్దిపాటి సున్నం మంజిష్ఠ ఎరుపుని ఇంకా మెరిపిస్తుంది.

ఉడికించడానికి రాగి పాత్రే కావాలి, ఇనుపది పనికిరాదు. మంజిష్ఠ, సురుడుచెక్క, దొరికితే చిరువేరు అనే ఇంకో ఎర్రరంగు వేరు, అన్నీ కలిపి గుడ్డ బరువుకి తక్కువ కాకుండా వెయ్యాలి. చల్లటి నీళ్ళలో మొదలుపెట్టి గంటన్నర మీద మెల్లగా వేడి పెంచుతూ కర్రతో తిప్పుతూనే ఉండాలి. తిప్పడం ఆపితే మడత పడిన చోట రంగు అందదు. ఒక్కసారిగా పెళపెళా మరిగిస్తే మంజిష్ఠలోని గోధుమరంగు కూడా దిగి ఎరుపు మసకబారుతుంది. ఈ ఉడుకులోనే నల్లగీత కూడా ఇంకాస్త చిక్కనవుతుంది. పటిక తగలకుండా తప్పిపోయిన చోట్లు ఇప్పుడు తెల్ల చిల్లుల్లా కనిపిస్తాయి. మళ్ళీ పటిక పూసి మళ్ళీ ఉడికించవచ్చు, కానీ గుడ్డ మొత్తం మరోసారి రంగు తాగుతుంది. అరచేయంత చిల్లు అయితేనే ఆ కష్టం పెట్టుకోవాలి, చిన్నవాటిని పువ్వులు చేసేయడమే నయం.

ఉడికిన గుడ్డలో తెల్లగా మిగలాల్సిన జాగా అంతా మురికి గులాబీ రంగులో ఉంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడ గుండె జారిపోతారు, అది సహజమే, బొమ్మ నిజంగానే పాడైనట్టు కనిపిస్తుంది. మేకపెంటిక నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఇసుక మీద ఎండలో పరిచి, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. ఇలా రెండు మూడు రోజులు చేస్తే పటిక లేని చోట రంగు వదులుతుంది, పటిక పట్టిన ఎరుపు నిలుస్తుంది. బ్లీచింగ్ పౌడరు వాడితే గంటలో తెల్లబడుతుంది గాని ఎరుపు కూడా చస్తుంది.

ఈ ఎండకి కరక్కాయా పాలూ రెండూ పోతాయి కాబట్టి, పసుపు వేసేముందు గుడ్డని మళ్ళీ ఒట్టి పాలలో ముంచి ఆరబెట్టాలి. పసుపుకి 100 గ్రాముల కరక్కాయ పువ్వుని లీటరు నీళ్ళలో సగానికి మరిగించి, చిటికెడు పటిక వేస్తే చాలు. వేయడం తేలిక, నిలవడం అంతంతమాత్రం.

నీలానికి నా లెక్కలో పదికి నాలుగే. నీలిమందు నీళ్ళలో కరగదు. తొట్టిలో పులియబెడితే కరుగుతుంది గాని, గాలి తగిలిన వెంటనే మళ్ళీ గట్టిపడుతుంది, కలం మొన దగ్గరే ఆ పని జరిగిపోతుంది. అందుకే పాత కోరమండల్ అద్దకంలో మిగతా జాగాలకి మైనం పూసి గుడ్డనే నీలి తొట్టిలో ముంచేవాళ్ళు. కలంతో వేసేటప్పుడు నూరిన నీలిమందు పోగు లోపలికి దిగకుండా పైన కూర్చుంటుంది, రుద్దితే వేలికి అంటుతుంది. చాలామంది కృత్రిమ నీలం వైపు వెళ్ళింది ఇందుకే, వాళ్ళని తప్పుపట్టలేం, కొనేవాళ్ళకి ఆ మాట చెప్పి అమ్మితే చాలు. పసుపు మీద నీలం వేసి తెచ్చే ఆకుపచ్చకి ఇంకో బలహీనత ఉంది, పసుపు ముందు వెలుస్తుంది. 17, 18 శతాబ్దాల్లో మన తీరం నుంచి యూరప్ వెళ్ళిన గుడ్డల్లో చాలావాటిమీద ఆకులు ఇప్పుడు నీలంగా కనిపించేది అందుకే. మొసలిని పచ్చగా వేసేటప్పుడు, పసుపు పోయాక కూడా మొసలి మొసలిలా నిలిచేంత నల్లగీత పొలుసులు పెట్టి ఉంచాలి.

మీటరు బొమ్మ పూర్తవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గీసే పని అందులో వారమే, మిగతాదంతా నానడం, ఆరడం, ఉడకడం. ఇంట్లో వాడుకకి కుంకుడుకాయ రసంతో ఉతికి నీడన ఆరేస్తే ఎరుపు, నలుపు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. నిమ్మకాయ తగలనివ్వకూడదు, గోడకి తగిలిస్తే నేరుగా ఎండ పడనివ్వకూడదు.

తిరుపతి వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. ఆ గాలి తేమకి గీత పాకుతుంది, గుడ్డ తెల్లబడ్డానికి ఎండ చాలదు. ఆ మూడు నెలల్లో ఎరుపు పని పెట్టుకోకుండా కసిం ఊరవేసుకుని, కలాలు చెక్కుకుని, బొమ్మలు కాగితం మీద తేల్చుకుంటే సంక్రాంతి తర్వాత గుడ్డ తడపవచ్చు.